‘ఏం గాదు, నొక్కన్నా’ అని ఇంకెన్నాళ్లు చెబుదాం?

పోయిన నెల మహబూబ్‌నగర్‌లో ఒక పెండ్లికి పోతే, నాలాగే దుకాణాలకు, మిల్లులకు సాఫ్ట్‌వేర్ రాసిచ్చే మిత్రులు కొందరు కలిశారు. భోజనాలయ్యాక మాట సెటప్ ఫైళ్ల మీదికి, అంటే ప్రోగ్రామ్‌ను కంప్యూటర్లోకి ఎక్కించే ఫైళ్ల మీదికి మళ్లింది. ఆ ఫైలు ఎవరు చేశారో చెప్పే డిజిటల్ సంతకం దాని మీద లేకుంటే విండోస్ హెచ్చరిక చూపిస్తుంది. ఎరువుల దుకాణాలకు బిల్లింగ్ చేసిచ్చే మిత్రుడు తేల్చేశాడు. “సంతకానికి ఏటా ముప్పై వేలు పెట్టుడు దండగ. పార్టీకి ఫోన్ జేసి మోర్ ఇన్ఫో నొక్కు, రన్ ఎనీవే నొక్కు అంటే అయిపాయె. రెండు నొక్కులకు ముప్పై వేలా?” కూర్చున్నవాళ్లంతా తలూపారు. నేను ఊపలేదు. బస్సు టైమైందని లేవాల్సి వచ్చి అక్కడ సగమే చెప్పాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

నేనుండేది నల్లగొండ. మిర్యాలగూడ, నిడమనూరు, హాలియా వైపు రైస్ మిల్లుల్లో లారీ వే బ్రిడ్జి ఎక్కగానే బరువు పట్టుకుని చీటీ కొట్టే సాఫ్ట్‌వేర్, వడ్ల స్టాకు లెక్కలు మా పని. నెట్ ఉన్నా లేకున్నా కాంటా ఆగకూడదు కాబట్టి డెస్క్‌టాప్ ప్రోగ్రామే దిక్కు. సెటప్ ఫైలు మేం పంపుతాం, గుమస్తా ఎక్కించుకుంటాడు. ఆ ఎక్కించుకునే రెండు నిమిషాల్లో ఆయనకు ఏం కనబడుతుంది, ఆయన ఏం నేర్చుకుంటాడు అన్నదాని మీదే నా పట్టింపంతా. డబ్బు తీసుకుని ఇచ్చే సాఫ్ట్‌వేర్ ఎంత చిన్నదైనా, ఎవరిచ్చారో దాని మీద రాసి ఉండాలి. అది లేకుండా “ఏం గాదు, నొక్కన్నా” అనే హక్కు మనకు లేదని నేను అనుకుంటున్నాను.

దొంగ కూడా అదే చెబుతాడు

మన జిల్లాల్లో వాట్సాప్‌లో తిరిగే ఏపీకే ఫైళ్ల (ఫోన్లో యాప్ ఎక్కించే ఫైళ్లు) గురించి కొత్తగా చెప్పేదేం లేదు. పీఎం కిసాన్ అని ఒకటి, ఆర్టీఏ చలానా అని ఒకటి, బ్యాంకు కేవైసీ అని ఇంకొకటి. నొక్కినవాళ్ల ఖాతాలు ఊడ్చుకుపోయాక సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయమని పోలీసులు చెబుతూనే ఉన్నారు. నన్ను పట్టుకున్నది దొంగ పంపే ఫైలు కాదు, ఫోన్లో వాడు చెప్పే మాటల వరుస. “ఫైలు పంపిన, తెరువు. వార్నింగ్ వస్తది, ఏం గాదు, కింద నొక్కు. యాంటీవైరస్ అడ్డమొస్తే ఆపు. ఎనీడెస్క్ నంబర్ చెప్పు, నేను చూసుకుంట.”

ఎనీడెస్క్ అంటే దూరం నుంచే మన కంప్యూటర్‌ను నడిపే ప్రోగ్రామ్. ఇప్పుడు మన సర్వీసు పిల్లలు గుమస్తాతో మాట్లాడే తీరు గుర్తు చేసుకోండి. ఒక్క అక్షరం తేడా ఉందా?

మిర్యాలగూడలో ఒక మిల్లు గుమస్తా నాతో అన్నాడు. “మొన్న బ్యాంకు నుంచి అని ఒకడు ఫోన్ జేసిండన్నా. ఎనీడెస్క్ నంబర్ అడిగిండు. సాఫ్ట్‌వేరోళ్లు అడిగినట్టే అడిగిండు, అందుకే నాకు అనుమానం రాలే. సేటు పక్కనే ఉండబట్టి ఫోన్ గుంజుకున్నడు.” ఆ గుమస్తా తెలివితక్కువవాడు కాదు. లారీ చూసి బరువు అటూ ఇటుగా చెప్పగలడు, తరుగు లెక్కలో ఆయన్ను మోసం చేయడం ఎవరి వల్లా కాదు. తెర మీద వచ్చే హెచ్చరిక ఉత్తదేనని, దాన్ని దాటడమే పని అని ఏళ్ల తరబడి ఆయనకు నేర్పినవాళ్లు మన వృత్తివాళ్లు. నమ్మకంతో నేర్చుకున్నాడు. ఆ అలవాటు ఇప్పుడు దొంగకు పనికొస్తోంది.

మిత్రుడి లెక్కలో ఇది రెండు నొక్కుల ఖర్చు. ఆ రెండు నొక్కులూ ఇలా ఎంతమంది చేత ఎన్నేళ్లుగా నొక్కిస్తున్నామో కూడా ఆ లెక్కలోకి రావాలి కదా.

కాంటా గదిలో కంప్యూటర్

వే బ్రిడ్జి పక్కన గది చూడనివాళ్లకు అక్కడి కంప్యూటర్ సంగతి చెప్పాలి. దుమ్ము, ఊక. మానిటర్ కింద బరువు చూపే ఇండికేటర్, దాని నుంచి సీరియల్ కేబుల్. ఇప్పటి కంప్యూటర్లకు సీరియల్ పోర్టు లేదు కాబట్టి మధ్యలో యూఎస్‌బీ కన్వర్టర్. అగ్గువకు దొరికే కన్వర్టర్లలో నకిలీ చిప్పులు ఎక్కువ. అసలు కంపెనీ డ్రైవర్ (పరికరాన్ని నడిపే చిన్న ప్రోగ్రామ్) వాటిని ఒప్పుకోదు, ఎక్కడినుంచో తెచ్చిన డ్రైవర్‌ను విండోస్ ఒప్పుకోదు. 2016లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ నుంచీ విండోస్ గుండె లాంటి కెర్నెల్‌లో నడిచే కొత్త డ్రైవర్లకు మైక్రోసాఫ్ట్ సంతకం తప్పనిసరి. అప్పుడు మెకానిక్ ఏం చేస్తాడు? డ్రైవర్ మీద మైక్రోసాఫ్ట్ సంతకం లేకున్నా ఒప్పుకునేలా విండోస్‌ను టెస్ట్ మోడ్‌లో పెట్టి, లారీలు నిలబడ్డాయని పని నడిపించి పోతాడు. తిరిగి మామూలు చేసేవాళ్లు లేరు. ఇలాంటి గదుల్లో తెర కింద కుడి మూలన ‘టెస్ట్ మోడ్’ అని సన్నటి అక్షరాలు కనబడతాయి. అవి అక్కడ ఎందుకున్నాయని గుమస్తా అడగడు, సేటుకు తెలియదు.

అదే కంప్యూటర్లో సేటు బ్యాంకు లాగిన్ ఉంటుంది, జీఎస్టీ పోర్టల్ పాస్‌వర్డ్ బ్రౌజర్లో దాచి ఉంటుంది, సర్కారు వడ్లు మరపట్టి ఇచ్చే సీఎంఆర్ బియ్యం లెక్కలుంటాయి. పాత సాఫ్ట్‌వేర్ వాళ్లు సి డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ చేసి, దానికి అందరికీ పూర్తి అనుమతి ఇచ్చి, యాంటీవైరస్ చూడని జాబితాలో పెట్టిపోయి ఉంటారు. ఆ ఫోల్డర్లోకి ఏది దూరినా అడిగే దిక్కు లేదు.

గోడకు ఇంకొకటి వేలాడుతుంటుంది: తూనికలు కొలతల శాఖ ఇచ్చిన ధ్రువపత్రం. కాంటాను ఏడాదికొకసారి పరీక్షించి సీలు వేస్తారు. నేను సెటప్ ఫైలు మీద సంతకాన్ని ఆ సీలులాగే చూస్తాను. సీలు ఉన్నంత మాత్రాన రైతును ఎవరూ మోసం చేయరని కాదు. చక్రం ప్లాట్‌ఫామ్ అంచు మీద ఉండగానే బరువు పట్టేవాళ్లు సీలున్న కాంటా మీదనే పడతారు. కానీ సీలు పగిలితే తెలుస్తుంది, వేసినవాడెవడో తెలుస్తుంది, గొడవైతే పట్టుకుని అడగడానికి ఒక పేరుంటుంది. బరువు చూపే పెట్టెకు సీలుండాలని చట్టం చెబుతోంది. ఆ బరువును చీటీ మీదికి ఎక్కించే ప్రోగ్రామ్ మాత్రం ఎవరు రాశారో తెలియకుండా, ఎవరు మార్చారో తెలియకుండా నడుస్తోంది. రైతు చేతికి వచ్చేది ఆ చీటీయే.

సంతకం ఉన్న దొంగలు

ఇక్కడ మిత్రుడి రెండో వాదన బలమైనది. సంతకం ఉన్నవన్నీ మంచివా అని అడిగాడు. కావు. 2010లో బయటపడ్డ, వైరస్ లాంటి స్టక్స్‌నెట్ పురుగు డ్రైవర్లకు రియల్‌టెక్, జేమైక్రాన్ కంపెనీల నుంచి దొంగిలించిన సర్టిఫికెట్లతో (సంతకం వేయడానికి సంస్థ పేరు మీద ఇచ్చే డిజిటల్ గుర్తింపు) సంతకం చేశారు. 2017లో కంప్యూటర్లో చెత్త తీసే సీక్లీనర్ అసలు కంపెనీ సంతకంతోనే, అసలు కంపెనీ సర్వర్ నుంచే విషం కలిసి వచ్చింది. 2020 చివర్లో తెలిసిన, నెట్‌వర్క్‌లను చూసుకునే సాఫ్ట్‌వేర్ అమ్మే సోలార్‌విండ్స్ వ్యవహారంలోనూ అంతే. అప్‌డేట్ మీద సంతకం సరిగ్గానే ఉంది, లోపల ఉన్నది మాత్రం వేరు. అంత పెద్ద కంపెనీలే కాపాడుకోలేనిది నల్లగొండలో మనమేం కాపాడతాం?

ఈ ప్రశ్నను నేను దాటవేయను. ప్రోగ్రామ్‌ను తయారుచేసే (బిల్డ్ చేసే) కంప్యూటర్లోకే దొంగ వస్తే సంతకం ఆపలేదు. రాసినవాడే దొంగైతే అసలే ఆపలేదు. సంతకం రెండే మాటలు చెబుతుంది: ఈ ఫైలు ఫలానావారి తాళంతో మూసింది, మూసిన తర్వాత ఇందులో ఒక్క బిట్ కూడా మారలేదు. అంతకు మించి అడిగితే దాని దగ్గర జవాబు లేదు.

కానీ ఆ రెండు మాటలూ మన దగ్గరి బెడదకు సరిగ్గా సరిపోతాయి. మన సెటప్ ఫైళ్లను పాడుచేసేది ఏ దేశపు గూఢచారులో కాదు. బజార్లో కంప్యూటర్ రిపేరు చేసే పిలగాడు లైసెన్సు అడగకుండా ఉండేలా మా ప్రోగ్రామ్ ఫైలు అయిన ఈఎక్స్‌ఈని మార్చి ఇంకో మిల్లుకు ఎక్కిస్తాడు. పెన్‌డ్రైవ్‌లో ఉన్న వైరస్ ఆ ఈఎక్స్‌ఈకి అంటుకుంటుంది. అది నాలుగు చేతులు మారి, మళ్లీ మన పేరుతోనే మిల్లుకు చేరుతుంది. కాంటా తప్పు చూపితే ఫోన్ వచ్చేది నాకు. ఫైలు నాదేనా కాదా అని చెప్పడానికి సంతకం తప్ప నా దగ్గర వేరే ఆధారం లేదు.

ఇంకొకటి. స్టక్స్‌నెట్ బయటపడ్డాక రియల్‌టెక్ సర్టిఫికెట్‌ను రద్దు చేయగలిగారు. పేరుంది కాబట్టి పట్టుకోవడానికి కొస దొరికింది. పేరులేని ఫైలుకు రద్దు చేయడానికి ఏముంటుంది?

డబ్బు పెట్టినా నీలి తెర వస్తుంది

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టే వాదన ఇది. సర్టిఫికెట్ కొని, సంతకం చేసి పంపినా విండోస్‌లో స్మార్ట్‌స్క్రీన్ అనే నీలి హెచ్చరిక తెర వస్తూనే ఉంటుంది. ఎందుకంటే అది సంతకంతో పాటు పలుకుబడి కూడా చూస్తుంది, అంటే ఆ ఫైలును, ఆ సర్టిఫికెట్‌తో వచ్చిన ఫైళ్లను ఎంతమంది దించుకుని ఏ గొడవా లేకుండా వాడారు అని. లక్షల మంది దించుకునే ప్రోగ్రామ్‌కు పలుకుబడి తొందరగా వస్తుంది. మనలాంటి వాళ్లకు జిల్లాకు కొన్ని మిల్లులు. ఒకప్పుడు ఎక్కువ డబ్బు పెట్టి, సంస్థను ఇంకా గట్టిగా తనిఖీ చేసి ఇచ్చే ఈవీ సర్టిఫికెట్ కొంటే ఆ తెర మొదటి రోజు నుంచే రాకపోయేది. 2024 నుంచి మైక్రోసాఫ్ట్ ఆ సౌకర్యం కూడా తీసేసింది. “మరి ఎందుకు కొనాలె?” అని మిత్రుడు అడిగితే న్యాయమైన కోపమే అంటాను. చిన్నవాడు ఎంత నిజాయితీగా ఉన్నా, తక్కువ మందికి అమ్ముతాడు కాబట్టి అనుమానితుడే అన్నట్టుంది ఈ పద్ధతి.

అయినా ఆ తెరలో మోర్ ఇన్ఫో నొక్కాక వచ్చే వరస చూడండి. సంతకం లేకుంటే పబ్లిషర్ దగ్గర ‘అన్‌నోన్ పబ్లిషర్’. ఉంటే మన పేరు. ఆ తర్వాత విండోస్ అనుమతి అడిగే పెట్టె వస్తుంది. సంతకం లేనిదానికి పసుపు పట్టీ, ఉన్నదానికి నీలం పట్టీ, కింద వెరిఫైడ్ పబ్లిషర్ అని మన పేరు. గుమస్తాకు ఫోన్లో చెప్పగలిగే మాట ఇక్కడ మారిపోతుంది. “ఏం గాదు, నొక్కు” బదులు “పేరు చూడన్నా, మాది ఉంటేనే నొక్కు, లేకుంటే ఆపి నాకు ఫోన్ చెయ్యి” అనగలుగుతాం. హెచ్చరికను తోసేయమనడం వేరు, చదవమనడం వేరు. నేను డబ్బు పెడుతున్నది ఆ తేడాకే.

ఇంగ్లీషు రాని గుమస్తా ఎట్లా చదువుతాడని అడిగారు. లారీ నంబరు చదివేవాడు, ఎరువు బస్తా మీద కంపెనీ పేరు చూసి పోల్చేవాడు మన పేరు పోల్చలేడా? హాలియా దగ్గర ఒక మిల్లులో ప్రింటర్ బాగుచేయడానికి వచ్చిన పిలగాడు పనిలో పనిగా మా ప్రోగ్రామ్ “కొత్తది” ఎక్కిస్తానంటే గుమస్తా ఒప్పుకోలేదు. నాకు ఫోన్ చేసి, “అన్నా, పచ్చగ వచ్చింది పట్టి, మీ పేరు లేదు, వద్దన్న” అని చెప్పాడు. మన దగ్గర పసుపును పచ్చ అంటారు కాబట్టి నాకు వెంటనే అర్థమైంది. ఆయన చదువు ఏడో తరగతి.

పెన్‌డ్రైవ్‌తో ఇస్తే తెర రాదు కదా, ఆ గొడవే ఉండదు అనేవాళ్లూ ఉన్నారు. నిజమే, సగం. నెట్ నుంచి దించిన ఫైలుకు విండోస్ ఒక గుర్తు తగిలిస్తుంది, దాన్ని చూసే స్మార్ట్‌స్క్రీన్ అడ్డుపడుతుంది. ఎఫ్ఏటీ32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌కు ఆ గుర్తును మోసే చోటు లేదు, కాపీ చేయగానే రాలిపోతుంది. కానీ అనుమతి అడిగే పెట్టె అప్పుడు కూడా వస్తుంది, అందులో పబ్లిషర్ పేరు ఉండేది లేనిది సంతకాన్ని బట్టే. పైగా విండోస్ 11లో స్మార్ట్ యాప్ కంట్రోల్ అనే కాపలా నడుస్తున్న కంప్యూటర్లలో, సంతకం లేని, ముఖం తెలియని ప్రోగ్రామ్‌ను ఆపేస్తే రన్ ఎనీవే అన్న బటనే ఉండదు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మద్దతు ముగిసింది. మిల్లులు కొత్త కంప్యూటర్లు కొంటున్నాయి. రెండు నొక్కుల దారి కూడా ఎల్లకాలం తెరిచి ఉండేది కాదు.

కాగితాలు, డాంగిల్

సర్టిఫికెట్ తెచ్చుకునే బాధ గురించి మిత్రులు చెప్పిందాంట్లో ఒక్క మాట కూడా అబద్ధం లేదు. ఇచ్చే కంపెనీలు ఎక్కువగా బయటి దేశాలవి, ధర ఏడాదికి కొన్ని వందల డాలర్లు. కంపెనీ ఉందా లేదా అని వాళ్లు కాగితాలు చూస్తారు, పబ్లిక్ జాబితాలో ఉన్న ఫోన్ నంబరుకే ఫోన్ చేస్తామంటారు. ఒక్కడే నడిపే ప్రొప్రయిటర్ సంస్థకు జాబితాల్లో నంబరెక్కడిది? కోదాడ మిత్రుడిది ఇంకో తిప్పలు. 2016 అక్టోబర్ 11న జిల్లాలు విడదీశాక కోదాడ సూర్యాపేట జిల్లాలోకి పోయింది. ఆయన పాత కాగితాల్లో నల్లగొండ, కొత్తవాటిలో సూర్యాపేట. రెండూ ఒకే ఇల్లని ఎక్కడో కూర్చున్న తనిఖీ మనిషికి అర్థం చేయించేసరికి ఆయన ప్రాణం విసిగింది.

నెలకు పది డాలర్ల లోపే సంతకం చేసిపెట్టే క్లౌడ్ సేవను మైక్రోసాఫ్ట్ తెచ్చింది. అమెరికా, కెనడా, యూరోపియన్ యూనియన్, బ్రిటన్ సంస్థలకు తలుపు తెరిచింది. ఆ జాబితాలో మన దేశం లేదు. ఇది అన్యాయమని గట్టిగానే అంటాను. ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టులకు సైన్‌పాత్ ఫౌండేషన్ ఉచితంగా చేస్తోంది గానీ, మనవి అమ్ముకునే ప్రోగ్రామ్‌లు.

“మన దగ్గర జీఎస్టీకి, టెండర్లకు డీఎస్‌సీ ఉంది గదా, దానితోనే కొట్టొచ్చు గదా” అని పెండ్లిలో ఒకరు అడిగారు. కుదరదు. డీఎస్‌సీ అంటే యూఎస్‌బీ డాంగిల్‌లో ఇచ్చే డిజిటల్ సంతకం సర్టిఫికెట్, అది ఐటీ చట్టం కింద కాగితాల మీద సంతకానికి ఇచ్చింది. ప్రోగ్రామ్ మీద సంతకానికని రాసి, విండోస్ నమ్మే జాబితాలోని సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్టే కావాలి. కానీ డీఎస్‌సీ మాట వస్తే నాకు ఒక ఆడిటర్ ఆఫీసులో చూసిన సొరుగు గుర్తుకొస్తుంది. లాగగానే డాంగిళ్లు, ఒక్కోదానికి తెల్ల టేపు, టేపు మీద పార్టీ పేరు, పేరు కిందనే పిన్. ఎవరి సంతకం ఎవరైనా పెట్టొచ్చు. ఆడిటర్ మంచివాడే, పార్టీలు నమ్మి ఇచ్చినవే. కానీ రేపు ఆ సంతకంతో ఏదైనా జరిగితే “నేను చేయలేదు” అని చెప్పుకునే వీలు ఆ వ్యాపారికి లేదు.

ప్రోగ్రామ్ సంతకాల్లోనూ అచ్చం ఇలాగే జరిగేది. సంతకం వేసే రహస్య తాళం ఒక ఫైలుగా ఉండేది, మెయిల్‌లో పంపుకునేవాళ్లు, సర్వీసు పిల్లల ల్యాప్‌టాప్‌లలో కూడా పెట్టేవాళ్లు. 2023 జూన్ 1 నుంచి ఆ తాళం హార్డ్‌వేర్ టోకెన్‌లో గానీ, అంతటి భద్రత ఉన్న పెట్టెలో గానీ ఉండి తీరాలని నియమం వచ్చింది. పని ఆలస్యమవుతుందని మావాళ్లంతా తిట్టుకున్నారు. నాకైతే అది సరైన నియమమే అనిపిస్తుంది. మా టోకెన్ బీరువాలో ఉంటుంది, విడుదల రోజున బయటికొస్తుంది, పిన్ నాకు, నా భాగస్వామికి తప్ప తెలియదు. ఇప్పుడు గడువు కూడా కుదించారు. ఇదివరకు 39 నెలల దాకా ఇచ్చేవాళ్లు, 2026 మార్చి 1 నుంచి ఇచ్చేవాటికి 460 రోజులు మించకూడదు. అంటే ఇంచుమించు ప్రతి ఏడాదీ ఇదే తతంగం. ఈ కుదింపు పెద్ద కంపెనీకి గుమస్తా పని, మనకు మాత్రం పంట సీజన్ నడుమ వచ్చిపడే భారం. దీని మీద నాకు ఇంకా మనసు కుదుటపడలేదు.

సెటప్ కట్టే తీరు

సంతకం కొన్నాక అది ఎట్లా వేస్తామన్నది కూడా ముఖ్యమే, ఇక్కడ చాలామంది సగంలో ఆపేస్తారు. సెటప్ ఫైలు కట్టడానికి మేం వాడేది ఇన్నో సెటప్. 1997 నుంచి ఉన్న సాధనం, నమ్మకమైంది. ముందు లోపలి ఈఎక్స్‌ఈకి, మేం రాసిన డీఎల్‌ఎల్‌లకు (ప్రోగ్రామ్ వాడుకునే సహాయ ఫైళ్లకు) సంతకం. తర్వాత వాటిని మూటగట్టిన సెటప్‌కు. ప్రోగ్రామ్‌ను తీసేసే అన్‌ఇన్‌స్టాలర్‌కు కూడా. పైన సెటప్‌కు మాత్రమే సంతకం వేసి లోపలివి వదిలేస్తే, ఎక్కించేటప్పుడు పేరు కనబడుతుంది గానీ, తర్వాత ఎవరైనా లోపలి ఈఎక్స్‌ఈని మార్చితే పట్టుకోలేం. రిపేరు పిల్లలు మార్చేది దాన్నే.

టైమ్‌స్టాంప్ మాత్రం మరిచిపోవద్దని చేతులెత్తి చెబుతాను. సంతకం వేసిన క్షణంలో నెట్ మీద ఇంకొక సంస్థ నుంచి తేదీ ముద్ర తెచ్చుకుంటే, సర్టిఫికెట్ గడువు తీరినా ఆ ఫైలు చెల్లుతుంది. ముద్ర లేకుంటే సర్టిఫికెట్‌తో పాటే సంతకమూ చచ్చిపోతుంది. దేవరకొండ వైపు మిత్రుడొకరు నెట్ సరిగా లేదని ఆ అడుగు దాటేశారు. వానాకాలం వడ్లు మిల్లులకు వచ్చే రోజుల్లోనే ఆయన సర్టిఫికెట్ గడువు తీరింది. అప్పటికి ఎక్కించినవి నడిచాయి గానీ, కొత్తగా ఎక్కించే ప్రతి చోటా పసుపు పట్టీయే. ఊరూరికి ఫోన్లు చేసుకోవాల్సి వచ్చింది.

డేటా సంగతి కూడా సంతకానికి సంబంధించిందే. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ప్రోగ్రామ్, ప్రోగ్రామ్‌డేటాలో లెక్కలు. రెండూ ఒకే ఫోల్డర్లో కలిపితే ఆ ఫోల్డర్‌కు అందరికీ రాసే అనుమతి ఇవ్వాల్సి వస్తుంది, అప్పుడు సంతకం చేసిన ఈఎక్స్‌ఈ పక్కనే ఎవరైనా తమ డీఎల్‌ఎల్ పెట్టిపోవచ్చు. విడుదలకు ముందు ఏమీ ఎక్కించని విండోస్ మీద, మామూలు యూజర్ లాగిన్‌తో పరీక్షించాలి. మన సొంత కంప్యూటర్లో అన్నీ ముందే ఉంటాయి కాబట్టి అక్కడ నడిస్తే నడిచినట్టు కాదు.

వెబ్‌కు పోవచ్చు కదా అనేవాళ్లకు ఒకటే మాట: లారీ ప్లాట్‌ఫామ్ మీద ఉండగా నెట్ పోయిన కాంటా గదిలో ఒక్క సాయంత్రం కూర్చుని చూడండి. మైక్రోసాఫ్ట్ స్టోర్ దారి మాత్రం కొందరికి పనికొస్తుంది. ప్రోగ్రామ్‌ను ఎంఎస్ఐఎక్స్ అనే మూట రూపంలో ఇస్తే సంతకం వాళ్లే వేస్తారు, విడి డెవలపర్లకు నమోదు రుసుము 2025లో తీసేశారు. ఎరువుల దుకాణం బిల్లింగ్‌కు అది సరిపోతుంది, నా మిత్రుడికి కూడా అదే చెప్పాను. కాంటా గదుల్లో స్టోర్ ఖాతాలే ఉండవు. కోతల నడుమ మేం చూడకుండా అప్‌డేట్ ఎక్కడం కూడా మాకు పడదు.

ఖర్చు ఎవరు పెట్టాలి

ముప్పై వేలు చిన్న మొత్తం కాదని ఒప్పుకుంటాను. మహబూబ్‌నగర్ దగ్గరి దివిటిపల్లిలో, నల్లగొండలో ఐటీ టవర్లు కట్టారు. మంచిదే. అక్కడ కుర్చీలతో పాటు ఊరి డెవలపర్‌కు ఈ కాగితాలు సరిచేసిపెట్టే ఒక బల్ల, మొదటి ఏడాది సర్టిఫికెట్‌కు సగం ఖర్చు ఇస్తే మా వృత్తికి నిజంగా మేలవుతుంది. అందరికీ కలిపి ఒకే సర్టిఫికెట్ అని మాత్రం ఎవరూ అనొద్దు. పది మంది పనికి ఒకే పేరు పెడితే మళ్లీ ఆడిటర్ సొరుగు దగ్గరికే వస్తాం.

అది వచ్చేదాకా మేం దాచకుండా బిల్లులోనే వేస్తున్నాం. ఏటా ఇచ్చే నిర్వహణ (ఏఎంసీ) బిల్లులో సర్వీసు చార్జీ కింద ‘సాఫ్ట్‌వేర్ సంతకం: రూ. 300’ అని విడిగా ఒక వరస. ఇదేందని సేట్లు అడుగుతారు. కాంటా సీలుకు ఏటా కడతారు కదా, ఇది చీటీ కొట్టేదాని సీలు అంటే ఎక్కువమంది మారుమాట లేకుండా కట్టారు. మిర్యాలగూడలో ఒక సేటు మాత్రం ఆ వరస కొట్టేసి మిగతాదే ఇచ్చాడు. ఆయన మిల్లుకు కూడా సంతకం వేసిన ఫైలే పోతుంది, మా దగ్గర వేరే రకం లేదు. వచ్చే బిల్లులోనూ ఆ వరస ఉంటుంది, ఆయనతో మళ్లీ మాట్లాడతాను.